ఫైలుకు బలం టానిక్కు

మనిషికి నీరసం వస్తే డాక్టరు టానిక్కు రాస్తాడు. అమెరికాలో ఉన్న పిల్లల్ని చూసొద్దామని వీసాకు వెళ్లే అమ్మానాన్నలకు నీరసం ఉందని కనిపెట్టేది మాత్రం వీసా కన్సల్టెన్సీవాడు. "అంకుల్, మీ ప్రొఫైల్ వీక్‌గా ఉంది, స్ట్రాంగ్ చేద్దాం" అంటాడు. ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరై, నెలనెలా పింఛను తీసుకుంటూ సొంతింట్లో ఉంటున్న పెద్దాయన ఎందులో వీకో అడక్కండి. ఆయన స్ట్రాంగైతే ప్యాకేజీ ఎవరు కొంటారు?

2025 సెప్టెంబరు 2 నుంచి ఈ వైద్యానికి రోగులు కూడా పెరిగారు. అంతకుముందు 79 దాటిన ముసలాళ్లకూ, పద్నాలుగేళ్లలోపు పిల్లలకూ ఇంటర్వ్యూ ఉండేది కాదు. ఇప్పుడు దాదాపు అందరూ అమెరికా కాన్సులేట్ కిటికీ ముందు నిలబడాల్సిందే. అంటే ఎనభై రెండేళ్ల నాయనమ్మ ప్రొఫైలునూ స్ట్రాంగ్ చేయొచ్చన్నమాట.

టానిక్కులో మొదటి దినుసు ఫైలు. పట్టాదారు పాస్‌బుక్కు, ఆంధ్రావాళ్లయితే అడంగల్, తెలంగాణవాళ్లయితే పహాణీ, ఈసీ, ఇంటిపన్ను రసీదులు, ఎల్ఐసీ బాండ్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల కాగితాలు. వీటన్నిటి నెత్తిన సీఏ గారి నెట్‌వర్త్ సర్టిఫికెట్. పెరట్లో మామిడిచెట్లకు కూడా రేటు కట్టించిన ఘనులున్నారు. డాలస్‌లో ఉన్న అల్లుడు తన వంతుగా ఐ-134, అంటే ఖర్చులు నేను భరిస్తానని హామీ ఇచ్చే అఫిడవిట్టు నింపి, మూడేళ్ల ట్యాక్స్ రిటర్నులు జతచేసి, నోటరీ కొట్టించి కొరియర్ చేస్తాడు. సందర్శక వీసాకు ఆహ్వాన పత్రమూ అక్కర్లేదు, అఫిడవిట్టూ అక్కర్లేదు అని అమెరికా విదేశాంగ శాఖే తన వెబ్‌సైట్లో రాసి పెట్టుకుంది. అది చదివితే కొరియర్ ఖర్చన్నా మిగిలేది. అసలు అల్లుడి జీతం ఎంత పెద్దదైతే మాత్రం, మామగారు తిరిగొస్తారనడానికి అది సాక్ష్యమెలా అవుతుంది?

ఎందుకంటే ఆ కిటికీ వెనక తేలాల్సింది అదొక్కటే. 1952 నాటి వాళ్ల వలస చట్టంలో 214(బి) అనే సెక్షనుంది. సందర్శక వీసాకు వచ్చిన ప్రతివాడూ అక్కడే ఉండిపోవడానికి వచ్చాడనే అనుకోవాలి, కాదని నమ్మించే బాధ్యత వచ్చినవాడిదే. మన మామిడిచెట్లు వెనక్కి లాక్కొస్తాయని మన ఆశ. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ దగ్గర ఆ మూడు కిలోల ఫైలు చంకలో పెట్టుకుని పెద్దాయన గంటన్నర క్యూలో నిలబడితే, ఆఫీసరు అడిగేది పాస్‌పోర్టు. స్క్రీను మీద డీఎస్-160, అంటే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు, ముందే తెరిచి ఉంటుంది. రెండు మూడు నిమిషాల్లో కథ కంచికి. ఫైలు చాలాసార్లు జిప్పు కూడా తియ్యకుండానే ఇంటికొస్తుంది.

రెండో దినుసు మాక్ ఇంటర్వ్యూ. దీన్ని అమీర్‌పేట మెట్లెక్కి కళ్లారా చూడాల్సిందే. విమానం ఎక్కి ఎరగని ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఆఫీసరు వేషంలో కూర్చుంటాడు. ఎదురుగా హెడ్మాస్టరు గారి భార్య, చేతులు ఒళ్లో పెట్టుకుని, మొదటిసారి డిక్టేషన్ రాస్తున్న పిల్లలా.

"పర్పస్ ఆఫ్ విజిట్, ఆంటీ?"

"అమ్మాయికి తొమ్మిదో నెల బాబూ, పురిటికి..."

"అయ్యో ఆంటీ! పురుడు మాటెత్తితే రిజెక్టే. టూరిజం అనాలి. నయాగరా, గ్రాండ్ క్యానియన్, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ. చెప్పండి."

ఆవిడ చెబుతుంది. విష్ణు సహస్రనామం నోటికొచ్చిన మనిషికి మూడు పేర్లొక లెక్కా? వారం రోజులు వంటింట్లో పోపు వేస్తూ కూడా నయాగరా, గ్రాండ్ క్యానియన్ అని వల్లెవేస్తుంది. ఆ రోజు రానే వచ్చింది. హైదరాబాద్ కాన్సులేట్లో తెలుగులో మాట్లాడే ఏర్పాటుంది. కాబట్టి ప్రశ్న తెలుగులోనే వస్తుంది.

"మీ అమ్మాయి ఎలా ఉందమ్మా?"

"నయాగరా."

"ఎక్కడుంటుంది?"

"డాలసండీ. గ్రాండ్ క్యానియన్."

డాలస్ నుంచి నయాగరాకు రోడ్డు మీద 2,000 కిలోమీటర్ల పైనే. నిండు గర్భిణిని ఇంట్లో వదిలి తల్లి జలపాతం చూడ్డానికి పోతోందంటే ఏ దేశపు ఆఫీసరు నమ్ముతాడు? పక్కన ఆయన్ని విడిగా అడిగితే "స్టాచ్యూ" అన్నాడు. ఇద్దరికీ చెరో కాగితం చేతిలో పెట్టారు. అందులో 214(బి) అని ఉంటుంది, తప్పెక్కడ జరిగిందో ఉండదు. అప్పీలు లేదు. మనిషికి 185 డాలర్లు, ఇద్దరికి 370. పైసా తిరిగిరాదు.

బంధువుల్ని చూడ్డానికి వెళ్లడం ఈ వీసా ఇచ్చే కారణాల్లోనే ఉంది. "డిసెంబరులో కాన్పు, నవంబరులో వెళ్లి ఏప్రిల్లో వచ్చేస్తాం. టిక్కెట్లు అల్లుడు కొంటాడు. పెద్దబ్బాయి ఇక్కడే ఉన్నాడు, పొలం కౌలుకిచ్చాం" అని ఇద్దరూ ఒకే మాట చెబితే చాలు, ఉన్న ప్రొఫైలు ఉన్నట్టే కనబడుతుంది. తప్పకుండా వస్తుందని ఎవరూ రాసివ్వలేరు గానీ, నయాగరా కంటే నయం.

మూడో దినుసు దగ్గర మాత్రం నవ్వు రాదు. డీఎస్-160 కన్సల్టెన్సీవాడే నింపుతాడు. ఇరవై నిమిషాలు ముట్టుకోకపోతే ఆ పేజీ ఆగిపోతుంది కాబట్టి చకచకా కొడతాడు. ఈమెయిలు వాడిది, పాస్‌వర్డు వాడిది. "మీ తరఫున ఎవరైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా?" అనే ప్రశ్నొస్తుంది. అమెరికాలో ఉన్న చెల్లెలు అన్నయ్య పేర ఎప్పుడో ఐ-130, అంటే బంధువుల కోసం వేసే ఆ పిటిషనే, వేసే ఉంటుంది. ఆ వరస మనవాళ్లకు దాదాపు ఇరవయ్యేళ్లు పడుతుంది కాబట్టి అన్నయ్య మరిచిపోయి ఉంటాడు. వీడు అడగడు, "నో" కొడతాడు. "ఇంతకుముందు వీసా నిరాకరించారా?" నో. చివర్లో ఇంకో ప్రశ్న: "ఈ ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా?" డబ్బు తీసుకుని, కుర్చీలో కూర్చుని, ఆ ఫారం నింపుతూ నింపుతూ, దానికీ నో!

ఒరేయ్, ఆ సంతకం బటను ఎవరి పేర నొక్కుతున్నావో తెలుసా? బతుకంతా పిల్లల మార్కులు ఒక్కటి అటూ ఇటూ వెయ్యని మనిషి పేర. పాత పిటిషన్ సంగతి వాళ్ల రికార్డుల్లోనే ఉంటుంది. అవునని నిజం చెబితే రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు, అంతే. కావాలని దాచాడని వాళ్లు తేలిస్తే అదే చట్టంలోని 212(ఎ)(6)(సి) సెక్షను కింద జీవితాంతం గుమ్మం మూసేస్తారు. మనవడి ముఖం ఫోన్లో చూసుకోవాల్సిందే. నీకేం పోయింది? రేపు బోర్డు మార్చి పక్క వీధిలో తెరుస్తావు.

సబ్మిట్ నొక్కేముందు ఆ ఫారం మొత్తం ప్రింటు తీసి పెద్దాయన చేతిలో పెట్టమనండి. ఎర్ర పెన్ను ఆయన దగ్గరే ఉంటుంది. సబ్మిట్ అయ్యాక దిద్దడం కుదరదు, కొత్త ఫారం వెయ్యాలి, దానికి కొత్త నంబరొస్తుంది. అపాయింట్‌మెంట్లో ఉన్న నంబరుతో అది కలవకపోతే గేటు దగ్గరే చిక్కు.

చిలుకూరు బాలాజీ పదకొండు ప్రదక్షిణలు చేయించుకుంటాడు, వీసా వచ్చాక నూట ఎనిమిది. హుండీ కూడా లేదు ఆ గుడిలో. మన కన్సల్టెన్సీవాడి ఆఫీసులో హుండీ ముందే నిండుతుంది. ఇద్దరూ నిరాకరణ కాగితాలు పట్టుకుని వెళితే వాటిని లైటు వెలుగులో అటూ ఇటూ తిప్పి, రోగం దొరికిన డాక్టరులా తల పంకిస్తాడు.

"ఫైల్ వీక్ అయింది అంకుల్. ఈసారి కొబ్బరిచెట్లు కూడా వేయిద్దాం."