మడ అడవికి ఆయువుపట్టు నీటిపాయలే

కాకినాడకు దక్షిణాన, గోదావరి సముద్రంలో కలిసే ఉప్పుటేరుల నడుమ పరుచుకున్న కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతంలో నీటిపిల్లులు, నీటికుక్కలు మనుగడ సాగిస్తున్నాయి. ఇలాంటి అడవుల పునరుద్ధరణ గురించి ఎప్పుడు చర్చించినా ఎన్ని హెక్టార్లలో మొక్కలు నాటామన్నదే ప్రధాన కొలమానం అవుతోంది. మడను బతికించేదీ చంపేదీ నీరే అయినప్పుడు, నీటి లెక్క తీయకుండా మొక్కల లెక్క చెప్పడం నాకు సమంజసంగా తోచదు.

మడ చెట్లు ఉప్పును తట్టుకుంటాయి గాని, ఎంత ఉప్పునైనా తట్టుకోలేవు. తెల్లమడ, నల్లమడ ఆకుల గుండా ఉప్పును బయటకు పంపుతాయి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లతో గాలి పీలుస్తాయి. అయితే పోటు నీరు లోపలికి వచ్చి పాటు వేళ వెనక్కి మళ్లే దారి పూడిపోతే, నిలిచిన నీరు ఎండకు ఆవిరై నేలలో ఉప్పు పేరుకుపోతుంది. అక్కడ ఎంత శ్రద్ధగా నాటినా మొక్క నిలవదు. ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల కమిటీలు కలిసి గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో చేసిన పని అందుకే విలువైనది. చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఆటుపోట్లకు దారి చూపిన తరువాతే వారు మొక్కలు నాటారు.

ఈ దారులను మూసినవాటిలో రొయ్యల చెరువుల గట్లదీ పెద్ద పాత్రే. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. చెరువుల వల్ల వేలమందికి జీవనోపాధి దొరికిన మాట నిజమే. కానీ రొయ్య పిల్లలు, పీతలు, చేపలు పెరిగే మడ కాలువలు మూసుకుపోతే నష్టపోయేది చిన్న వలతో బతికే కుటుంబాలే.

నది వైపు నుంచి వచ్చే ముప్పు ఇంత సులువుగా కంటికి కనిపించదు. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది; వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు మంచినీరు బాగా తగ్గిపోతుంది. సముద్రమట్టం పెరిగేకొద్దీ మడ నేల కూడా ఒండ్రుతో ఎత్తు పెరగాలి, లేదా అడవి లోతట్టుకు జరగడానికి చోటు ఉండాలి. ఆ చోటును గట్లు, కట్టడాలు ఆక్రమిస్తున్నాయి. అందువల్ల ఆనకట్ట నుంచి వేసవిలో ఎంత నీరు వదలాలన్న నిర్ణయంలో అటవీశాఖకూ, కోరింగ చుట్టుపక్కల మత్స్యకార గ్రామాలకూ సాగునీటి శాఖతో సమానమైన మాట ఉండాలి.