అప్పు నెలనెలా కట్టమంటారు, మాకు డబ్బు నెలనెలా రాదు

మొన్న ఆదివారం రాత్రి ఒక పిల్లోడు ఫోన్ చేశాడు. నా దగ్గరే ఐదేళ్లు మోటర్ వైండింగ్, అంటే కాలిపోయిన మోటర్లకు రాగి తీగ మళ్లీ చుట్టే పని నేర్చుకున్నాడు, ఇప్పుడు మా అనంతపురం జిల్లా నార్పలలో సొంతంగా షాపు పెట్టుకుంటున్నాడు. "అన్నా, ఒక ఫైనాన్స్ వాళ్లు మూడు లక్షలు ఇస్తామంటున్నారు. వడ్డీ రూపాయే అంట. రేపు సంతకం పెట్టేదా?" అన్నాడు. పెట్టొద్దురా, ముందు షాపు దగ్గరికి రా అన్నాను. పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. వాడితో రెండు గంటలు కూర్చుని చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. వెల్డింగ్ వాళ్లు, ప్లంబర్లు, ట్రాక్టర్ మెకానిక్కులు, సొంత చేతిపని మీద బతికే ఎవరికైనా ఇది పనికొస్తుంది.

ముందు ఆ రూపాయి సంగతి. మనకు రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర తెచ్చుకుంటే, సగం అసలు కట్టేశాక మిగతా సగానికే వడ్డీ అడుగుతారు. ఈ ఫైనాన్స్ వాళ్ల రూపాయి అట్లా కాదు. మూడు లక్షలకు మూడేళ్ల వడ్డీ 1,08,000 మొదటి రోజే కలిపేసి, మొత్తాన్ని 36 భాగాలు చేస్తారు. నెలకు 11,333. చివరి నెల దాకా మొత్తం మూడు లక్షల మీదే వడ్డీ కడుతున్నట్టు లెక్క. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. అదే 12 శాతాన్ని, కట్టేకొద్దీ తగ్గే అసలు మీద వేస్తే నెలకు 10 వేల లోపే వస్తుంది, మూడేళ్లలో 49 వేల దాకా తేడా. పైగా ఫైలు ఖర్చు, ఇన్సూరెన్స్ అని 12,000 ముందే కోసుకుంటామన్నారంట. చేతికి వచ్చేది 2,88,000. ఫోన్‌లో లెక్క వేసి వాడికి చూపించాను. ఏడాదికి 24 శాతం. రూపాయి అని చెప్పింది నిజానికి రెండు రూపాయల వడ్డీ. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

వడ్డీ మోసం ఇవాళ కాకపోతే రేపైనా తెలుస్తుంది. అంతకంటే లోతైన దెబ్బ ఇంకొకటి ఉంది. అది నేను తిన్నాను కాబట్టి చెబుతున్నా.

2022 మార్చిలో, బోర్లలోంచి మోటర్లు, పైపులు పైకి లాగే క్రేన్ బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో అప్పు, నెలకు 9,600 కంతు, అంటే వాయిదా. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో మాకు తిండి తినడానికి తీరిక ఉండదు. బోర్లలో నీళ్లు కిందికి పోతాయి, మోటర్లు కాలిపోతాయి, చీనీ (బత్తాయి) తోట ఎండిపోతుందని రైతు రాత్రి పదింటికి వచ్చి తలుపు కొడతాడు. ఆ మూడు నెలలూ కంతు సులభంగా కట్టాను. తర్వాత వానలు మొదలయ్యాయి. ఆ ఏడాది అక్టోబరులో నడిమివంక వాగు పొంగి అనంతపురం టౌన్‌లో కాలనీలే మునిగాయి, గుర్తుండే ఉంటుంది. వాన పడితే ఈ జిల్లాలో సంతోషించనివాడు ఉండడు, నేనూ సంతోషించాను. కానీ బండి షెడ్డులోనే నిలబడింది. కంతు మాత్రం ఐదో తేదీకి వచ్చేది.

రెండు కంతులు కట్టడానికి వందరోజుల ఫైనాన్స్ తీసుకున్నాను. రాసుకున్నది ఇరవై వేలు, చేతికిచ్చింది పద్దెనిమిది వేలు, రోజుకు 200 చొప్పున వంద రోజులు. రెండు వేలేగా అనిపిస్తుంది. రోజూ అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఆ రెండు వేలను ఏడాది లెక్కకు మారిస్తే 75 శాతం దాటుతుంది. ఆ డబ్బుతో నేను తీగ కొనలేదు, పనిముట్టు కొనలేదు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. ఆ మూడు నెలలు సాయంత్రం అయితే చాలు, కలెక్షన్ అబ్బాయి బండి చప్పుడు ఎక్కడ వినిపిస్తుందో అని టెన్షన్. ఇంట్లో పిల్లల మీద కూడా అరిచాను.

నా పద్దు పుస్తకంలో ఆ రోజుకి రైతులు ఇవ్వాల్సింది లక్షా డెబ్బై వేలు ఉంది. వాళ్లు ఎగ్గొట్టేవాళ్లు కాదు. "చీనీకాయలు అమ్మినాక ఇస్తాలేప్పా" అంటారు, అమ్మినాక ఇస్తారు. వేరుశనగ రైతు అక్టోబరు, నవంబరులో పంట ఎత్తినాక ఇస్తాడు. మా డబ్బు పంటతో పాటు నడుస్తుంది. ఇక్కడే నాకు కడుపు మండేది. రైతుకు కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల వరకు 7 శాతానికి పంట రుణం ఇస్తారు, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది, కట్టే గడువు పంట కాలాన్ని బట్టి పెడతారు. మంచి పని, ఇవ్వాల్సిందే. మరి ఆ రైతు మోటర్ బాగుచేసి ఆ రైతు పంట కోసమే ఎదురుచూసే నాకు నెలనెలా కంతు ఎందుకు? పల్లెల్లో మెకానిక్ ఆదాయం కూడా పంట ఆదాయమే అని బ్యాంకులు ఎప్పుడు గుర్తిస్తాయి? చేతిపనులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది కట్టేశాక రెండు లక్షలు ఇస్తున్నారు. వడ్రంగి, కమ్మరి, మేస్త్రీ, టైలర్, ఇట్లా 18 పనులు ఉన్నాయి. ఆ పనులవాళ్లు తప్పకుండా అడగండి. మోటర్ వైండింగ్, ఎలక్ట్రీషియన్ పని మాత్రం అందులో లేవు.

అందుకే ఆ పిల్లోడికి ఒకటే చెప్పాను. ఆ డబ్బు దేనికి, అది తిరిగి నీ చేతికి ఎప్పుడు వస్తుంది? ఈ రెండూ కాగితం మీద రాయి, తర్వాతే అప్పు వెతుకు.

కాయిల్ చుట్టే మిషను, పనిముట్లు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. వాటికి ముద్రా టర్మ్ లోన్ అడగాలి, అంటే చిన్న వ్యాపారాల కోసం ఉన్న కేంద్ర పథకం కింద బ్యాంకు ఇచ్చే కంతుల అప్పు. అందులో శిశు అనే రకం 50 వేల వరకు, కిశోర్ అనే రకం ఐదు లక్షల వరకు. తాకట్టు అక్కర్లేదు. నన్ను ఒక బ్రాంచిలో ఇంటి కాగితాలు తెమ్మన్నారు. చిన్న వ్యాపారాలకు పది లక్షల లోపు అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పి ఏళ్లయింది. తాకట్టు కావాలన్న మాట రాతపూర్వకంగా ఇవ్వండి సార్ అని అడిగితే గొంతు మారింది, ఫైలు కదిలింది. గట్టిగా అడగండి, మర్యాదగా అడగండి.

రాగి తీగకు మాత్రం కంతుల అప్పు వద్దు. తీగ జనవరి, ఫిబ్రవరిలో కొంటాం, డబ్బు నవంబరు దాకా వస్తూ ఉంటుంది. దానికి సీసీ లిమిట్ సరిపోతుంది. సీసీ అంటే క్యాష్ క్రెడిట్, బ్యాంకు ఒక హద్దు పెడితే అందులోంచి కావాల్సినప్పుడు తీసుకుని, వచ్చినప్పుడు కట్టుకునే ఖాతా. లక్ష లిమిట్ ఉండి నలభై వేలే వాడితే నలభై వేలకే, వాడినన్ని రోజులకే వడ్డీ. చీనీ రైతు డబ్బు ఇచ్చిన రోజే అందులో వేస్తే ఆ రోజు నుంచే వడ్డీ తగ్గుతుంది. ముద్రా కింద ఇదీ ఇస్తారు, కానీ మనం నోరు తెరిచి అడగకపోతే ఎవరూ చెప్పరు. బ్యాంకు మన పద్దు పుస్తకం చూడదు, అకౌంట్ స్టేట్‌మెంటే చూస్తుంది. అందుకే షాపు తెరిచిన మొదటి రోజు నుంచే స్కానర్ పెట్టు, నగదు వచ్చినా అకౌంట్‌లో వెయ్యి అన్నాను. చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. నా దగ్గర ఒకతను దానికి రెండు వేలు తీసుకున్నాడు.

సీసీ వచ్చేలోపు తీగ కావాలంటే బంగారం మీద తీసుకోవడం ఫైనాన్స్ కంటే నయం. గడువు చివర ఒకేసారి కట్టే పద్ధతి దొరుకుతుంది. కానీ అది నీ భార్య బంగారం, ఆమెను కూర్చోబెట్టి లెక్క చెప్పి, ఆమె సరే అంటేనే అని గట్టిగా చెప్పాను. చీటీ వేస్తే రిజిస్టర్ అయిన చీటీనే వెయ్యాలి.

ఇంకో మాట. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకయినా ఫైనాన్స్ కంపెనీ అయినా చిన్న వ్యాపారానికి టర్మ్ లోన్ ఇచ్చే ముందు ఒక వివరాల పత్రం ఇవ్వాలి. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి, అదీ మనకు అర్థమయ్యే భాషలో. నా చేత ఇంగ్లీషు కాగితాల మీద పద్నాలుగు సంతకాలు పెట్టించుకున్నారు, ఒక్క ముక్క చదివి వినిపించలేదు.

పిల్లోడు నార్పల వెళ్లి ఆ ఫైనాన్స్ వాళ్లను తెలుగులో ఆ పత్రం ఇవ్వమని అడిగాడంట. రేపు మాపు అంటున్నారు. నాలాగే క్రేన్ బండి కొనాలన్న ఆలోచన వాడే మానుకున్నాడు, ఈ వేసవికి నా బండే వాడుకోమన్నాను. శుక్రవారం ముద్రా అప్లికేషన్ పట్టుకుని బ్యాంకుకు పోతున్నాడు, నేనూ తోడు పోతున్నా. మీలో ఎవరికైనా సీసీ లిమిట్ వచ్చి ఉంటే, ఏమేం కాగితాలు అడిగారో కింద రాయండి, వాడికి చూపిస్తాను.