నామినీ పెట్టేశాలే!

"నామినీ పెట్టేశాలే!" ఈ రెండు మాటలు వింటే చాలు, ఒళ్లు పులకరిస్తుంది. డిపాజిట్ ఫారం అడుగున ఉన్న చిన్న గడిలో భార్య పేరు రాసి, వారసత్వ చట్టాన్నీ రాబోయే అన్నదమ్ముల తగాదాలనూ ఒక్క పెన్నుపోటుతో తేల్చేసిన మహానుభావుడి ధీమా అది. సుప్రీంకోర్టుకే అంత ధీమా లేదు. బీమా గురించి 1984లోనూ, షేర్ల గురించి 2023 డిసెంబర్‌లోనూ అది చెప్పింది ఒకటే: నామినీ సొమ్ము అందుకునే మనిషి మాత్రమే, సొంతదారు కాదు. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత నామినీ తల్లిదండ్రులో, భార్యో భర్తో, పిల్లలో అయితే డబ్బు వాళ్లదే. ఆ ఒక్క మినహాయింపును మనవాళ్లు ఉదారంగా షేర్లకూ లాకర్‌కూ పొడిగించుకుంటారు.

వీలునామా రాయకుండా పోయిన హిందూ పురుషుడి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే తల్లికి తలా ఒక సమాన వాటా. ఇల్లు మొత్తం భార్యకేనని ఆయన మనసులో అనుకున్నారట. మనసులో రాసుకున్నదానికి సాక్షి సంతకాలు ఎవరు పెడతారో!

నిజానికి వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, చేయిస్తే రేపు "ఇది ఆయన సంతకమే కాదు" అనే గొడవ తగ్గుతుంది. ఆయన సంతకం చేయడం చూసి కనీసం ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. లోపలేముందో వాళ్లు చదవక్కర్లేదు. ఆస్తి దక్కేవాళ్లు సాక్షులు కాకుండా చూసుకోండి, వయసులో చిన్నవాళ్లను పిలవండి. ఎనభై ఏళ్ల ప్రాణమిత్రుణ్ణి పెట్టుకుంటే ఇద్దరూ కలిసి పైలోకంలో సాక్ష్యం చెప్పుకోవాల్సి వస్తుంది. మొత్తం గంట పని. కానీ అపశకునమట! పోతేనే డబ్బొచ్చే టర్మ్ పాలసీ తీసుకున్న రోజు ఈ శకునం ఏమైందో.

ఇక బీరువా తెరిచే ఘట్టం. లోపలి అర తాళంచెవి పాత కళ్లజోడు పెట్టెలో దొరుకుతుంది. అరలో ఏముంటాయి? ఎప్పుడో అమ్మేసిన స్కూటర్ ఇన్సూరెన్సు కాగితాలు, ఏడాదివారీగా, వరస తప్పకుండా. మూసేసిన ఖాతాల పాసుబుక్కులు. పాతసామాన్ల వాడికిచ్చేసిన ఫ్రిజ్ వారంటీ కార్డు, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా. ఫ్లాటు దస్తావేజు ఉండాల్సిన చోట మాత్రం ఆయన చేతిరాతతో ఒక చీటీ: "పత్రాలు జాగ్రత్తగా పెట్టాను." ఎక్కడ పెట్టారో రాయలేదు. దొంగల చేతిలో పడుతుందని.

డిమాట్ అనే షేర్ల ఖాతా, మ్యూచువల్ ఫండ్ల సంగతులు ఫోన్‌లో ఉన్నాయి, ఫోన్ ఆయన బొటనవేలితో తెరుచుకుంటుంది. సందేశాలైనా చూద్దామంటే, రీఛార్జి దండగని కొడుకు రెండో వారమే సిమ్ ఆపేశాడు. పదేళ్లు ఎవరూ కదపని డిపాజిట్ ఆర్బీఐ నిధికి వెళ్తుంది. ఆర్బీఐ వారి ఉద్గమ్ పోర్టల్‌లో వెతికి తిరిగి తెచ్చుకోవచ్చు, అసలు ఉందని తెలిస్తే. అన్నట్టు, పోయినవాళ్లకూ ఆదాయపు పన్ను రిటర్ను ఉంటుంది: ఏప్రిల్ 1 నుంచి కన్నుమూసిన రోజు వరకు వచ్చిన ఆదాయానికి. వారసుల్లో ఒకరు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ప్రతినిధిగా నమోదై దాఖలు చేయాలి. ఆ తర్వాతి వడ్డీ వారసుల ఆదాయం. బ్యాంకులో పేరు మార్పించకపోతే వడ్డీ మీద బ్యాంకు ముందే కోసే పన్ను, అదే టీడీఎస్, ఆయన పాన్‌లోనే పడుతూ ఉంటుంది.

"ఆవిడకేం తెలుసండీ ఇవన్నీ!" ఎలా తెలుస్తాయి? నలభై ఏళ్లు ఒక్క పాసుబుక్కు చూపించారా? ఖాళీ ఫారం మీద ఇక్కడ సంతకం పెట్టు అన్నారు, పెట్టింది. ఇప్పుడు ఏడవడానికి కూడా తీరిక లేకుండా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తహశీల్దారు ఆఫీసు బెంచీ మీద కూర్చుంది. అది పట్టుకెళ్తే ఇంకోచోట కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్, అంటే వారసత్వ పత్రం, తెమ్మన్నారు. ఖాతాలు, పాలసీలు, అప్పులు, పత్రాలున్న చోటు ఒక్క పేజీ మీద రాసి ఆవిడ చేతికివ్వలేకపోయిన మనిషిని జాగ్రత్తపరుడని ఎలా అంటారు? సిగ్గుండాలి.

సరే, శుభవార్తతో ముగిద్దాం. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. ఎలాగూ మోయడానికి నలుగురు కావాలి కదా, లెక్క సరిపోయింది.