పన్నెండున్నరకు తగిలే దిష్టి

వరంగల్ కొత్తవాడలో మా మేనమామకు దర్రీల దుకాణం ఉంది. దర్రీలంటే మగ్గం మీద నేసే జంపఖానాలు. ఫలానా ఊరి సరుకు అని ముద్ర వేసే జీఐ గుర్తింపు వరంగల్ దర్రీలకు 2018లో వచ్చింది. ఆ ముచ్చట చెప్పకుండా ఆయన ఇప్పటికీ ఒక్క గిరాకీని కూడా గడప దాటనివ్వడు. వెబ్‌సైట్ కావాలంటే నేనే చేసిపెట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది.

"అల్లుడా, రోజుకు ఎంతమంది చూస్తున్నరో గీతలు గీసి చూపెట్టాలె. గల్లా పక్కన కంప్యూటర్ల ఒకటి, నా ఫోన్ల ఒకటి."

ఒక్క రాత్రి పని అనుకున్నాను. సైట్‌కు ఎవరెవరు వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ నుంచి లెక్కలు తెచ్చి చార్ట్‌కు బైండ్ చేయడమే, అంటే ముడిపెట్టడమే కదా. లెక్కలు చదవడానికి ఒక సర్వీస్ అకౌంట్ తయారుచేసి, దాని మెయిల్ ఐడీకి చూసే అనుమతి ఇచ్చాను. మూరెడు పొడవున్న ఆ ఐడీ చూసి మామకు అనుమానం పట్టుకుంది. "ఎవడు వాడు? మన లెక్కలు పరాయోనికి ఎందుకు?" అది మనిషి కాదు, ప్రోగ్రామ్ అని నచ్చజెప్పేసరికి రెండు చాయ్‌లు అయిపోయాయి.

మొదటి చార్ట్‌లో 9 మంది వచ్చిన రోజు 112 మంది వచ్చిన రోజు నెత్తి మీద కూర్చుంది. గూగుల్ నుంచి లెక్కలు మోసుకొచ్చే ఏపీఐ అంకెల్ని కూడా అక్షరాల్లాగే పంపుతుంది మరి. అక్షరాల వరుసలో ఒకటితో మొదలయ్యేది అడుగున, తొమ్మిదితో మొదలయ్యేది పైన. తేదీ కూడా 20250528 అని అతుక్కునే వస్తుంది. మామ అది ఎవరిదో ఫోన్ నంబర్ అనుకున్నాడు. అంకెను అంకెగా, తేదీని తేదీగా మార్చి బైండ్ చేశాక బొమ్మ కుదిరింది. చివరి కడ్డీ కింద 'ఈరోజు' అని ముచ్చటగా రాశాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం. రోహిణి కార్తె ఎండకు బజార్‌లో పురుగు లేదు. కూలర్ గాలి కోసం వచ్చిన పక్క దుకాణం సేటును, మగ్గం నేసే పెద్దాయనను మామ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. "ఇగో, పొద్దటి సంది 64 మంది!" అని కడ్డీ మీద వేలు పెట్టాడు. చార్ట్ ఒకసారి మినుక్కుమంది. వేలు అక్కడే ఉంది, కింద కడ్డీ లేదు. సున్నా.

వెంటనే ఫోన్ తీశాడు. అందులో 64 అలాగే ఉంది. ఊకె అడిగితే గూగుల్ ఇచ్చే రోజువారీ కోటా కరిగిపోతుందని, ఫోన్‌లో తెరిచే వెబ్ పేజీ తెచ్చుకున్న లెక్కను నాలుగు గంటలు దాచుకునేలా నేనే రాశాను. మామకు ఆ సంగతి తెలియదు. "దుకాణంల ఒక లెక్క, జేబుల ఒక లెక్కనా?" అన్నాడు. సేటు గొంతు సవరించుకున్నాడు.

రెండో రోజూ అంతే. మూడో రోజు నేను వెళ్లేసరికి మానిటర్‌కు నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. ఏనుమాముల మిర్చి యార్డ్ ఉన్న ఊళ్లో మిరపకాయలకేం కొదవ. నిమ్మకాయ సరిగ్గా 'ఈరోజు' మీదికే వచ్చి వేలాడుతుంటే, దాన్ని పక్కకు జరిపి చూస్తూ కూర్చున్నాను. పన్నెండున్నరయింది. సున్నా! అయితే ఈసారి పక్కకు చూశాను. పోయిందనుకున్న కడ్డీ 'నిన్న' దగ్గరికి జరిగి నిలబడి ఉంది.

అప్పుడు వెలిగింది. అనలిటిక్స్ ఖాతా తెరిచేటప్పుడు టైమ్ జోన్ లాస్ ఏంజెలెస్ అని ఉంటే అలాగే వదిలేశాను. అక్కడ ఎండాకాలం అర్ధరాత్రి అయితే మనకు మిట్టమధ్యాహ్నం పన్నెండున్నర. మా మామ కొత్తవాడలో కూర్చుని మూడు రోజులుగా అమెరికా తేదీ మీద దుకాణం నడుపుతున్నాడు.

మామ చూడకుండా టైమ్ జోన్ ఇండియాకు మార్చాను. ఆ మార్పు ఇక రాబోయే రోజులకే వర్తిస్తుంది కాబట్టి పాత కడ్డీలు సరి కావు. మామ వాటిని పట్టించుకోలేదు. మర్నాడు పన్నెండున్నర దాటినా కడ్డీ చెక్కుచెదరలేదు. సేటును మళ్లీ పిలిపించి, తెర కంటే ముందు నిమ్మకాయను చూపించాడు.

ఆ రాత్రి నిద్రలో ఉండగా ఫోన్ మోగింది. ఉక్కపోత భరించలేక మామ దుకాణంలోనే కూలర్ ముందు పడుకుంటున్నాడు. టైమ్ చూస్తే పన్నెండు దాటి ఐదు నిమిషాలు.

"అల్లుడా, మళ్ల పడ్డది. నిమ్మకాయ ఎండినట్టుంది. పొద్దుగాల వచ్చేటప్పుడు ఇంకోటి పట్కరా."