ఆ మేడలు నిలిచింది బడి వల్లే

న్యూయార్క్ 91వ వీధిలోని సేక్రెడ్ హార్ట్ బాలికల బడి గురించి మీ వ్యాసంలో రాస్తూ, అది నడుస్తున్న ఆ రెండు పాత మేడల్ని మ్యూజియం చేసి ఉండాల్సిందన్నారు. నేనొప్పుకోను. ఎదురుగా ఉక్కు వ్యాపారి కార్నెగీ ఇల్లు మ్యూజియమే అయింది, సంతోషం. కానీ ఫిఫ్త్ ఎవెన్యూ పొడుగునా ఎన్ని కోటీశ్వరుల ఇళ్లు నేలమట్టమై అపార్ట్‌మెంట్లు లేచాయో చూడండి. బ్యాంకరు ఒట్టో కాన్ రోమ్‌లోని ఓ పాత ప్యాలెస్ నమూనాగా కట్టించుకున్న ఇంటిని, 1934లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ బడి నడిపే క్రైస్తవ సిస్టర్లు కొన్నారు కాబట్టే ఇవాళ మనం చూస్తున్నాం. 1940లో పక్కనున్న బర్డెన్ అనే సంపన్నుల ఇల్లు కూడా తీసుకున్నారు.

ఆ బర్డెన్ ఇంటి మెట్లను మీరు ఒక్క ముక్కలో దాటేయడం బాధనిపించింది. పాలరాతి మెట్లు మెలికలు తిరుగుతూ పైకెళ్తాయి, తలెత్తితే రంగుటద్దాల గుమ్మటం! గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌కు పనిచేసిన ఆర్కిటెక్టులు వారెన్ అండ్ వెట్‌మోర్ వాళ్లే దీనికీ రూపమిచ్చారు. కాన్ ఇంట్లోనైతే బండి నేరుగా లోపలికే వచ్చేలా కట్టారు, వానలో తడవకుండా దిగొచ్చు.

ఫీజులు సామాన్యులకు అందవన్నది నిజమే, అది మీరు గట్టిగా రాయాల్సింది. పిల్లలు తిరిగితే మేడలు పాడవుతాయన్న భయం మాత్రం నాకు లేదు. రోజూ మనుషులు మసిలే ఇంట్లో నీరు కారినా, పెచ్చు ఊడినా ఆ రోజే కంటపడుతుంది. వీలైతే ఆ మెట్ల ఫొటో ఒకటి జోడించండి.