తలరాతకు వారంటీ ఎంత?

బ్రహ్మదేవుడు మన నొసట రాసే రాతకు రసీదు ఇవ్వడు, దిద్దుబాటుకు గడువు ఇవ్వడు, నియమ నిబంధనలు చూపించి సంతకమైనా పెట్టించుకోడు. ఇంత బాధ్యతలేని ఏర్పాటు కింద యుగాలుగా నోరు మెదపకుండా బతికిన మనకు, మెదడును కంప్యూటరుకు జతచేసే కంపెనీలు రావడం ఎంతో ఊరట.

వెటకారానికి చోటులేని మాట ముందే చెప్పేస్తాను. పక్షవాతంతో ఏళ్ల తరబడి మాట పోయిన ఒక మహిళ పలకబోయిన మాటలను మెదడు సంకేతాల నుంచి పట్టి, నిమిషానికి 78 మాటల వేగంతో పలికించగలిగామని 2023లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు వెల్లడించారు. భుజాల కింద ఒళ్లంతా చచ్చుబడిన అరిజోనా యువకుడొకరు 2024 జనవరిలో న్యూరాలింక్ అనే కంపెనీ పరికరాన్ని మెదడులో పెట్టించుకుని, వేలు కదపకుండా చదరంగం ఆడాడు. దీన్ని ఆక్షేపించినవాడికి పుట్టగతులుండవు.

అయితే ఆ పరికరంలో మెదడు సంకేతాలు పట్టే 1,024 ఎలక్ట్రోడ్లను మోసే 64 దారాలు ఉంటాయి. ఆ యువకుడి విషయంలో ఆ దారాల్లో సుమారు 85 శాతం కొన్ని వారాలకే మెదడులోంచి వెనక్కి జారిపోయాయి. కంపెనీవారు అనుకున్నదానికి మూడింతలు ఆ మెదడు పుర్రెలో కదిలిందట. ఊపిరికీ నాడికీ తగ్గట్టు కదలడం మెదడుకు పుట్టుకతో వచ్చిన దురలవాటు కనుక, తప్పు ముమ్మాటికీ వినియోగదారుడిదే. కంపెనీ మాత్రం పెద్దమనసుతో సాఫ్ట్‌వేరు సవరించి, మిగిలిన దారాలతోనే పని నెట్టుకొచ్చింది.

అసలు చిక్కు మనిషి ఆయుష్షుతో కాదు, కంపెనీ ఆయుష్షుతో. చూపు పోయినవారి కంటిలోపలి పొరకు 60 ఎలక్ట్రోడ్లు అతికించి వెలుగు నీడలు చూపించిన ‘ఆర్గస్ 2’ పరికరం తయారీని సెకండ్ సైట్ సంస్థ 2019లో ఆపేసి, మరుసటి ఏడాది సిబ్బందిలో చాలామందిని ఇంటికి పంపింది. అప్పటికే 350 మందికి పైగా కళ్లలో ఆ యంత్రం కూర్చుని ఉంది. అది మొరాయిస్తే చెప్పుకోవడానికి దిక్కు లేకుండా పోయింది.

మొన్న మా మిక్సీని రిపేరుకు తీసుకెళ్తే, దుకాణం కుర్రాడు దాన్ని తిరగేసి, అరిగిన పళ్లచక్రాన్ని వేలితో ఒక తిప్పు తిప్పి, “ఈ మోడల్ ఆపేశారు సార్, పార్టు రాదు, ఎక్స్ఛేంజిలో కొత్తది తీసేసుకోండి” అన్నాడు. సలహా మంచిదే. తలకాయకు వర్తించదన్న ఒక్క లోపం తప్ప.

చిలీ దేశస్థులు తొందరపడి 2021లోనే మెదడు పనితీరుకు, దాని సమాచారానికి రాజ్యాంగంలో రక్షణ రాసుకున్నారు. మాజీ సెనేటరు ఒకరి మెదడు సమాచారాన్ని చెరిపేయాలని 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఒక అమెరికా కంపెనీని ఆదేశించింది కూడా. మనకు అంత హడావుడి అక్కర్లేదు. ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిని చదవకుండా నొక్కడంలో మన బొటనవేలికి సాటి లేదు; రేపు ఆ నొక్కుడు పని కూడా పరికరమే చూసుకుంటుంది.

ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే: ఏసీకి, లిఫ్టుకు ఉన్నట్టే పుర్రెకూ ఏఎంసీ (ఏడాది పొడవునా మరమ్మతు చూసుకునే ఒప్పందం) తప్పనిసరి చేయాలి, కంపెనీ ఎత్తేసినా పార్టులు దొరకాలి. ఆ జీవో వచ్చేదాకా అక్కరకొస్తుందని, ఆ మిక్సీ కుర్రాడి నంబరు తీసి పెట్టుకున్నాను.