పాతాళ పుష్పానికి కాపలా

న్యూజిలాండ్ ఉత్తర దీవి అడవుల్లో ఎండుటాకుల మధ్య పూసే ఒక అరుదైన మొక్కను అక్కడి మూలవాసులైన మావోరీలు ‘పువా ఓ తె రేయింగా’ అంటారు. పాతాళ పుష్పమని అర్థం. 1845లో రిచర్డ్ టేలర్ అనే మతప్రచారకుడి కంటబడిన ఈ మొక్కకు, 1859లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ఆయన పేరుమీదే డాక్టిలాంథస్ టేలరీ అని నామకరణం చేశాడు. దీనికి పచ్చని ఆకు లేదు, సొంత వేరూ లేదు. చెట్ల వేళ్లను పట్టుకుని నేలలో గడ్డలా బతుకుతుంది.

పరాన్నజీవి అనగానే మామిడి కొమ్మమీది బదనిక, పొగాకు చేలోని మల్లె కలుపు గుర్తుకొచ్చి పీకి పారేయాలనిపించడం మనకు సహజం. పొరుగు చెట్ల వేళ్లనుంచి నీరు, లవణాలు లాక్కునే శ్రీగంధాన్ని మాత్రం ఎవరూ తిట్టరు సరికదా, రైతే దాని పక్కన కంది, సరుగుడు నాటి మరీ పోషిస్తాడు. ధర మహిమ అది. డాక్టిలాంథస్‌కు ఆ ధరే శత్రువైంది. అది పట్టిన చోట చెట్టు వేరు మడతలు దేరి, విచ్చిన గులాబీలా మారుతుంది. మొక్కను తవ్వి, పైకండ ఒలిచేసి, ఆ చెక్కపువ్వును ఇంటి అలంకరణకు అమ్ముకున్నారు. గోడకెక్కిన ఒక్కో ‘వుడ్ రోజ్’ ఒక్కో మొక్క ప్రాణం.

ఆడ, మగ మొక్కలు వేర్వేరు కనుక పుప్పొడి మోసేవారు తప్పనిసరి. పొట్టితోక గబ్బిలం రెక్కలు ముడుచుకుని నేలమీద పాకుతూ వచ్చి, కస్తూరి వాసన వేసే తేనె తాగి, మూతికంటిన పుప్పొడితో మరో పువ్వు దగ్గరకు పోతుంది. బొచ్చు వ్యాపారం కోసం 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియానుంచి తెచ్చి వదిలిన పోసమ్‌లు అనే చెట్లెక్కే జంతువులు, వాటికి తోడు ఎలుకలు, ఆ పువ్వునే కొరికి తినేస్తాయి. కాకాపో చిలుకల పురాతన రెట్టల్లో ఈ పుప్పొడి దొరికిందని 2012లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఎగరలేని ఆ చిలుకా ఒకప్పుడు ఈ పువ్వు చుట్టమే కావచ్చు, ఇప్పుడది ఈ అడవుల్లో దాదాపుగా లేదు.

పూలమీద ఇనుప వల బోనులు బిగించడం మంచిదే కాని, గబ్బిలం కనుమరుగైన చోట ఆ బోను కాపాడేది విత్తు పట్టని పువ్వునే. పోసమ్‌లను, ఎలుకలను 2050 నాటికి దేశంలో లేకుండా చేస్తామని 2016లో అక్కడి ప్రభుత్వం ప్రకటించిన లక్ష్యమే అసలు రక్షణ అని మేము భావిస్తున్నాం. దానితోపాటు చెక్కపువ్వుల అమ్మకాన్నీ, పాతవైనా సరే, పూర్తిగా నిలిపివేయాలి. పాత సరుకు చాటున కొత్త తవ్వకం దాక్కోవడం ఎంతో తేలిక.